కాటుక తెగులు బొమ్మ

నాకు పొగరని మావాళ్లంతా ఇప్పటికీ అంటారు. అననీ. ముప్పై ఏళ్లు పైర్ల మీద వాలే పురుగులనూ, పైర్లకు పట్టే తెగుళ్లనూ గీసి, ఆ బొమ్మల మీదే అన్నం తిన్నదాన్ని. నేను గీసిన పురుగుకు ఎన్ని కాళ్లున్నాయో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు, ఒక్కటి తక్కువ రాదు. ఆమాత్రం పొగరుంటే తప్పేమిటి? అయితే అది నాకు ఊరికే రాలేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పెద్ద తప్పు చేసి మరీ సంపాదించుకున్నాను.

మాది బోధన్ పక్కన చెరకు పండే ఊరు. ఫ్యాక్టరీ నడిచే నెలల్లో గాలి నిండా ఉడుకుతున్న చెరకు రసం వాసన ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు నవ్వొచ్చేది. కాలువ కింద అందరికీ చెరకే, మా బాపుకూ చెరకే. కానీ బాపుది విత్తనపు చెరకు. చెరకును గింజ వేసి పండించరు కదా, గడనే మూడు కళ్ల ముక్కలుగా నరికి నాటుతారు. ఆ ముక్కల్ని ముచ్చెలంటారు. ముచ్చెలో రోగం ఉంటే వచ్చే పంటంతా రోగమే. అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, నవీపేట వైపు వాళ్లు కూడా, బండ్లు కట్టుకుని బాపు దగ్గరికే వచ్చేవాళ్లు. "పటేలు సేన్ల ఇత్తనం కండ్లు మూసుకొని నాటొచ్చు" అనేవాళ్లు. ఆ మాట వినబడగానే బాపు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి తలపాగా సవరించుకునేవాడు. ఆయన సంపాదించుకున్నదంతా ఆ ఒక్క మాటే అని నాకు చిన్నప్పుడే తెలుసు.

మా ఊళ్లో పెద్ద బడి లేదు. నన్ను నిజామాబాదులో చిన్నమ్మ ఇంట్లో ఉంచి ఆడపిల్లల హైస్కూలులో వేశారు. శనివారం మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కి బోధన్‌లో దిగడం, సోమవారం పొద్దున మళ్లీ ఎక్కడం. అవ్వకు ఈ ఏర్పాటు మొదటి నుంచీ నచ్చలేదు. మా వైపు తండ్రిని బాపు, తల్లిని అవ్వ అంటాం. "ఉత్తరం రాసే అంత అక్షరాలొస్తే సాలదా?" అని బాపు మీద విసుక్కునేది. "నీ మీద ఒక్క మాట నా సెవుల పడ్డదా, సదువు బంద్" అని ప్రతి సోమవారం నా జడ బిగించి అల్లుతూ చెప్పేది. జడ కంటే ఆ మాటే బిగుతుగా ఉండేది.

బడిలో మాకు సైన్సు చెప్పే టీచరమ్మ కోస్తా మనిషి. వాళ్లవాళ్లు బోధన్ కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చి స్థిరపడ్డారు. ఆమె "ఏంటమ్మా" అన్నప్పుడల్లా వెనక బెంచీల్లో మేం అదే రాగంలో అనుకుని నవ్వుకునేవాళ్లం. మేం గిట్ల, గట్ల అంటే ఆమె నవ్వు ఆపుకునేది. ఎవరి నవ్వు వాళ్లు నవ్వుకున్నాం కాబట్టి గొడవ లేకుండా పోయింది.

ఒకరోజు ఆమె రెండు చేతులా ఒక లావుపాటి పుస్తకం మోసుకొచ్చింది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, అంతా ఇంగ్లీషు. పాత పుస్తకాల వాడి దగ్గర కొన్నదట. మధ్య మధ్య రంగుల బొమ్మలు, ఒక్కోదాని మీద పల్చటి కాగితం కప్పి ఉంది. టీచరమ్మ ఒక కాగితం ఎత్తింది. ఒక కొమ్మ, దాని మీద గొంగళి, పక్కన గూడు, పైన రెక్కల పురుగు. అన్నీ ఒకే పేజీలో. ఆకులకు చిల్లులున్నాయి! మా డ్రాయింగు సారు గీయించే ఆకులు పెళ్లికొడుకుల్లా నిగనిగలాడేవి. చిల్లుల ఆకును బొమ్మలో చూడటం నాకదే మొదటిసారి.

"ఎవరు గీసిండ్రు టీచర్?"

"ఒకావిడ గీసిందమ్మా" అంది టీచరమ్మ. "ఎప్పటి మనిషో. ఇంట్లో పెట్టెల్లో గొంగళ్లను పెంచి, అవి ఏ ఆకు తింటాయో ఆ ఆకే తెచ్చి పెట్టి, అవి రెక్కలు తొడిగేదాకా కనిపెట్టుకుని కూర్చుని గీసిందట."

క్లాసంతా "ఛీ" అంది. నేను అనలేదు. గొంగళ్లను పెంచిందా? ఇంట్లోనా? వాళ్లవ్వ ఊరుకుందా?

ఆ గంటంతా ఆమె ఆ పుస్తకంలోని ఆడవాళ్ల గురించే చెప్పింది. ఒకామె సముద్రపు ఒడ్డున వంగి వంగి నాచు ఏరుకొచ్చి, ఒక్కో పోగునూ విడదీసి గీసింది. ఇంకొకామె అడవి పూలను వెతుక్కుంటూ ఒంటరిగా కొండలెక్కింది. వాళ్లను ఏ కాలేజీ లోపలికి రానివ్వలేదట. వంటింటి కిటికీ దగ్గర బల్ల వేసుకుని గీసినవే చాలా ఉన్నాయట. చివర్లో టీచరమ్మ రెండు బొమ్మలు చూపించింది. ఆ రెండూ నన్ను వదల్లేదు.

మొదటిది ఒక పుట్టగొడుగు. అంత మంచి బొమ్మ కింద గీసినామె పేరు లేదు. చీమ తలకాయంత అక్షరాల్లో ఫలానా పండితుడిగారి భార్య గీసినది అని మాత్రం ఉంది. నాకు ఒళ్లు మండింది. "ఆమెకు పేరు లేదా టీచర్?" అన్నాను. "ఉండే ఉంటుందమ్మా. రాయలేదు" అంది.

రెండోది ఒక ఈగ. దాని పక్కన గీసినామె తానే ఒక సంగతి రాసుకుంది: ముందొకసారి దీన్ని తప్పు గీశాను, మళ్లీ చూసి దిద్దాను అని. టీచరమ్మ ఆ వాక్యం మీద వేలు పెట్టి, "చూశారా, తప్పు దాచుకోలేదు. అందుకే మిగతా బొమ్మలన్నీ నమ్ముతాం" అంది. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. ఆ పుట్టగొడుగు గీసినామె పేరు రాయలేదన్న కోపమే నిండా ఉంది.

ఆ వారమే నేను గీయడం మొదలుపెట్టాను. టీచరమ్మ నాకు ఒక షరతు పెట్టింది. బొమ్మ పక్కన ఎక్కడ చూశానో, ఏ రోజు చూశానో, ఏం చేస్తూ చూశానో రాయాలి. అనుకున్నది గీయకూడదు, కనబడినదే గీయాలి. ఖాళీ కుంకుమ భరిణెలో, చెరకు మొవ్వు తొలిచే పీకపురుగును పెంచాను. అది గూడు కట్టుకున్న రోజు అవ్వ భరిణె మూత తీసి పెట్టిన కేక కాలువ అవతలికి వినబడింది. అప్పటి నుంచి ఊళ్లో నాకు పురుగుల పోరి అనే పేరు స్థిరపడింది. బాపు మాత్రం, "దాని పురుగులు దానియి, నీ పోపుడబ్బ నీది" అని అవ్వకు సర్దిచెప్పేవాడు.

రంగులు కొనిపెట్టమని అడిగే ధైర్యం లేదు. పసుపుకు మా జిల్లాలో కొదవా? ఎరుపుకు మోదుగపూలు, ఆకుపచ్చకు చిక్కుడాకు, నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు. అన్నీ తుమ్మబంకలో కలిపేదాన్ని. నలుపు ఒక్కటే కుదరలేదు. దీపపు మసి జిడ్డోడుతూ కాగితం మీద మరకలయ్యేది. నలుపు లేకుండా పురుగు కాళ్లెలా గీస్తారు?

ఆ ఎండాకాలం సెలవుల్లో పక్క చేలో నాకు నలుపు దొరికింది. చెరకు మొవ్వులోంచి, ఆకు రావలసిన చోట, మూరెడు పొడుగు నల్లటి కొరడా లేచి వంగి ఉంది. ముట్టుకుంటే చేతికి మెత్తటి పొడి అంటింది, కాటుక అంటినట్టే. దాన్ని కాటుక తెగులంటారు. బాపు చేలో అది మచ్చుకైనా ఉండదు, కనబడిన రోజే దుబ్బుతో సహా పెరికేస్తాడు. పక్క చేను పెద్దాయన మాత్రం పెరికేవాడు కాదు. "గది సేనుకు దిష్టి సుక్క" అనేవాడు. నేను కొరడాలు విరుచుకుంటానంటే నవ్వి, "తీస్కపో బిడ్డా. ఒక్కటన్న ఉంచు, లేకుంటే సేనుకు నజర్ తగుల్తది" అన్నాడు. ఆయన మాటకు నేను లోపల నవ్వుకున్నాను. హైస్కూలులో చదువుతున్నదాన్ని, నాకు దిష్టి కబుర్లా! విరిచిన కొరడాకు ఇక ప్రాణమేముంటుంది అని నేననుకున్నది అంతకంటే తెలివితక్కువ సంగతని అప్పుడు తెలియదు.

కొరడాలు గుడ్డలో చుట్టి, అవ్వ కంట పడకుండా బర్ల కొట్టంలోకి చేర్చాను. విత్తనం కోసం ఉంచే చేను ఆ వారమే నాటుతున్నారు. సగం చాళ్లు నాటేసరికి వాన పట్టుకుంది. నేల బురదయి కాలు పెట్టనివ్వలేదు. మిగిలిన సగానికి నరికిన ముచ్చెల్ని తెచ్చి, అదే కొట్టంలో కుప్ప పోసి మూడు రోజులు ఉంచారు. ఆ మూడు రోజులూ వాన చూస్తూ, ఆ కుప్ప పక్కనే కూర్చుని, నేను కొరడాలు దులిపాను. పొడి పొగలా లేచేది. తుమ్ములొచ్చేవి. బంకలో కలిపితే ఎంత నలుపు! కాటుక తెగులు బొమ్మను కాటుక తెగులుతోనే గీశాను. ఆ పుస్తకంలోని ఆడవాళ్లలో ఒక్కరికైనా ఈ ఆలోచన వచ్చిందా అనుకున్నాను. బొమ్మను గోడకు ఆనించి, దూరం జరిగి చూసుకుని, నన్ను నేనే మెచ్చుకున్నాను.

దసరా సెలవులకు వచ్చాను. బతుకమ్మకు గునుగుపూలు కోసుకురమ్మని అవ్వ పంపింది. గట్ల వెంబడి కోసుకుంటూ మా విత్తనపు చేను దాకా పోయాను. గునుగు తెల్లగా ఉంటుంది. ఆ తెల్లదనం వెనక, చెరకులో, ఒక నల్లటి కొరడా.

ఒళ్లో పూలు అక్కడే పడిపోయాయి. చేలోకి దిగాను. రెండు అడుగులకు ఇంకొకటి. తర్వాతి చాలులో మూడు. కొన్నింటి మీద ఇంకా వెండి రంగు పొర ఉంది, కొన్ని పగిలి పొడి రాలుతున్నాయి. అవి ఉన్న దుబ్బుల్లో గడలు గడ్డిలా సన్నబడ్డాయి. ముందు నాకు ఏడుపే వచ్చింది. కానీ ఏడుస్తూనే వేళ్ల మీద లెక్కపెడుతున్నానని కాసేపటికి తెలిసింది. ఇంటికి పరుగెత్తి నోటుపుస్తకం తెచ్చుకున్నాను. చాలు చాలుకూ ఒక గీత, తెగులున్న దుబ్బుకు ఒక చుక్క. కాలువ వైపు నుంచి మొదలుపెట్టాను. కాలువ వైపు సగంలో ఒక్క చుక్క పడలేదు. ఊరి వైపు సగంలో చుక్కలే చుక్కలు.

కాలువ వైపు సగం వానకు ముందు నాటినది. ఊరి వైపు సగం కొట్టంలో నిలవ ఉన్న ముచ్చెలతో నాటినది.

గాలికి వచ్చిన రోగమైతే చాలు చూసి, గీత గీసుకుని రాదు. అది మా కొట్టంలోంచి వచ్చింది. నా చేతుల్లోంచి వచ్చింది. మర్నాడో మూడోనాడో బాపు చూస్తాడు. ఫ్యాక్టరీ ఫీల్డుమన్ ఎలాగూ పండుగ తర్వాత విత్తనపు చేను తనిఖీకి వస్తాడు. ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని నాటొచ్చు అనిపించుకున్న విత్తనం ఇక విత్తనం కాదు. ఎవరి వల్ల అని తేలితే నా బొమ్మలు పొయ్యిలోకి పోతాయి, నేను సోమవారం ప్యాసింజరు ఎక్కను. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే? నోటుపుస్తకం మూస్తే చాలు. ఆ సాయంత్రం బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగాను, ఏ పాట పాడానో నాకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే బాపు చేను చూసి వచ్చాడు. మొహం నల్లబడింది. కాళ్లు కూడా కడుక్కోలేదు.

"పక్క సేనాయన దిష్టి సుక్కలని ఉంచిండు సూడు, గా రోగమే కొట్టుకొచ్చింది" అన్నాడు. "ఎన్ని తీర్ల సెప్పిన, పెరుకమని! ఇయ్యాల ఆయన సంగతో నా సంగతో తేలాలె." మూలనున్న కర్ర అందుకున్నాడు.

అవ్వ ఆపబోయింది. బాపు వినలేదు. ఆ పెద్దాయన నాకు నవ్వుతూ కొరడాలు ఇచ్చిన మనిషి. బాపు వాకిలి దాటబోతుండగా నాకు ఉన్నట్టుండి ఆ ఈగ బొమ్మ గుర్తొచ్చింది. దాని పక్కన తన తప్పు తానే రాసుకున్న ఏ దేశపుదో తెలియని ఆ ఆడమనిషి గుర్తొచ్చింది. రాసే ముందు ఆమెకు కూడా ఇలాగే భయమేసిందా అనుకున్నాను.

"బాపూ, ఆగు. ఆయన తప్పు కాదు" అన్నాను.

బాపు వెనక్కి తిరిగాడు. నోటుపుస్తకం చేతికిచ్చాను. ఆయన ఉర్దూలో నాలుగు తరగతులు చదివిన మనిషి. తెలుగు అక్షరాలు నా ఒకటో తరగతి పుస్తకంలో నాతో పాటే నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాడు, నా గొలుసు రాత అందదు. "సదువు" అని పుస్తకం నాకే తిరిగిచ్చాడు.

చదివాను. "ఆదివారం. వాన. పక్క చేనులో విరిచిన కాటుక కొరడాలు పదకొండు. కొట్టంలో ముచ్చెల కుప్ప పక్కన కూర్చుని దులిపాను. మంచి నలుపు వచ్చింది."

చివరి మాట మెల్లగా అన్నాను.

"ఇంకోపారి సదువు" అన్నాడు బాపు.

మళ్లీ చదివాను. ఆయన కర్ర గోడకు ఆనించి అరుగు మీద కూలబడ్డాడు. అవ్వకు ముందు అర్థం కాలేదు. అర్థం కాగానే లోపలికి పోయి నా రంగుల డబ్బా పట్టుకొచ్చింది, మిగిలిన నల్లపొడి సీసాతో సహా పొయ్యిలో కుక్కింది. పసుపు, మోదుగపూలు, నీలిమందు, అన్నీ. "నేను ముందే సెప్పిన! పురుగులతోని ఆడుకుంట కొంప ముంచింది. సదువు బంద్. రేపటి సంది కలుపుకు పో" అంది. నా చేతిలోని నోటుపుస్తకం కోసం చేయి చాచింది.

బాపు నోరు విప్పాడు. "ఏయే సాళ్లల్ల ఉన్నదో గీసినవా?"

"గీసిన బాపూ."

"సూపెట్టు."

చుక్కల పేజీ తీశాను. దానికి చదువు అక్కర్లేదు. ఆయన చాళ్లు ఆయనకు తెలుసు. ఊరి వైపు మూలనున్న మోట బావి నుంచి మొదలుపెట్టి, వేలితో గీత వెంట గీత, చుక్క వెంట చుక్క తిరిగాడు. కాలువ వైపు సగం మీద వేలు ఆగింది.

"గీడ లేదా?"

"లేదు. రెండుసార్లు సూసిన."

బాపు లేచి, నోటుపుస్తకం తన చంకలో పెట్టుకుని అవ్వతో అన్నాడు, "పుస్తకం జోలికి పోకు. గిప్పుడు నాకు గది కావాలె."

నన్ను కొట్టలేదు. మంచి మాటా అనలేదు. తడిపిన గోనెసంచులు నా నెత్తికెత్తి, గడ్డపార తాను పట్టుకుని ముందు నడిచాడు. పొడి ఎగరకుండా ఒక్కో కొరడాకు తడి సంచి తొడిగి, కింద కోసి, దుబ్బును వేరుతో తవ్వి, చేను బయట గుంటలో వేసి కాల్చడం. ఎక్కడ తవ్వాలో నేను పేజీ చూసి చెప్పేదాన్ని, "మూడో సాలు, ఎనిమిదో దుబ్బు" అని. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో కొత్తవి ఎక్కడైనా లేస్తే ఆ చుక్కలూ పెట్టాను, పగలు చూసిన కొరడాలనూ దుబ్బులనూ రాత్రి పెన్సిలుతో గీశాను. మూడో రోజున బాపు పక్క చేను పెద్దాయన దగ్గరికి పోయాడు, కర్ర లేకుండా, నన్ను తోడు తీసుకుని. "దిష్టి సుక్క కాదు కాకా, గిది రోగం. సూడు, మా బిడ్డ గీసింది" అని నోటుపుస్తకం ఆయన ముందు పరిచాడు. ఆయన వంగి ఒక్కో చుక్కా చూసి, "గట్లనా" అన్నాడు. మర్నాడు ఆయన చేలోనూ పొగ లేచింది.

ఆ ఏడు మేం విత్తనం ఇవ్వలేదు. కాలువ వైపు సగం బాగానే ఉంది, ఇవ్వొచ్చు కదా అని అవ్వ అంది. "పక్క సాళ్లల్ల పొడి లేసింది, నాకు నమ్మకం లేదు" అన్నాడు బాపు. అడగడానికి వచ్చిన ఒక్కొక్కరికీ, "మా ఇంట్లనే తప్పు జరిగింది. ఈ ఏడు నా తాన ఇత్తనం లేదు" అని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపేవాడు. నా మాట ఎత్తేవాడు కాదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. ఒక ఆదివారం నవీపేట నుంచి వచ్చిన రైతు, "నీ ఇంట్ల తప్పు జరుగుడేంది పటేలా, నేను నమ్మ" అంటుంటే ఆగలేక తలుపు వెనక నుంచి బయటికి వచ్చి, "నేనే సేసిన" అన్నాను. ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. బాపు దగ్గాడే గాని ఆపలేదు. అవ్వ ఆ పూట నాకు అన్నం పెడుతూ, "నోరు మస్తున్నది నీకు" అంది. కానీ సోమవారం ప్యాసింజరు వేళకు జడ అల్లి పంపింది. చదువు బంద్ మాట ఎత్తలేదు.

ఫీల్డుమన్ వచ్చినప్పుడు బాపు చేను కంటే ముందు నోటుపుస్తకం చూపించాడు. ఆయన నిలబడి తిరగేస్తూ మెల్లగా గట్టు మీద కూర్చున్నాడు.

"పటేల్ సాబ్, మా ఆఫీసుల ఉన్న బొమ్మల కొరడా ఒక్కటే ఉంటది. దీంట్ల పొర పగలకముందు, పగిలినంక, దుబ్బు సన్నబడ్డది, అన్నీ ఉన్నయి. ఎవరు గీసిండ్రు?"

"నా బిడ్డ."

"పెద్ద కాగితం మీద గీసిస్తదా? ఫ్యాక్టరీ కాటా కాడ పెడ్తం. సీజన్‌ల రైతులందరు ఆడికే వస్తరు."

బాపు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఊపిన తర్వాత భయమేసింది.

బడికి పోయి టీచరమ్మకు అంతా చెప్పాను, తప్పుతో సహా. ఆమె నవ్వుతుందనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తన బల్ల సొరుగులోంచి ఒక నల్ల సిరా సీసా, సన్నటి కుంచె తీసి నా చేతిలో పెట్టి, "ఇకనైనా సిరాతో గీయి తల్లీ" అంది. ఆ పుస్తకం నెల రోజులు చిన్నమ్మ ఇంటికి తీసుకెళ్లనిచ్చింది. కిటికీ దగ్గర పీట వేసుకుని, ఆ ఆడవాళ్ల బొమ్మలు పక్కన తెరిచి పెట్టుకుని గీశాను. చేయి ఆగిన చోటల్లా వాళ్లు ఆకు అంచు ఎలా తిప్పారో, నీడ ఎక్కడ పెట్టారో చూసుకునేదాన్ని. మూడు కాగితాలు పాడుచేశాను. నాలుగోది కుదిరింది. జబ్బు లేని దుబ్బు, జబ్బు దుబ్బు, పొర కప్పిన కొరడా, పగిలిన కొరడా, తడి సంచి తొడిగిన చేయి. ఆ చేయి బాపుది. వేలి మీద కొడవలి గాటు కూడా గీశాను. పేరు రాసుకునే చోటు వదిలి, ఎందుకో సిగ్గేసి, రాయకుండానే ఫీల్డుమన్‌కు ఇచ్చేశాను.

చెరకు నరకడం మొదలైంది. ఒక ఆదివారం బాపు నన్ను బండెక్కించుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయాడు. కాటా దగ్గర బండ్ల వరుస రోడ్డు దాకా ఉంది. మనుషులు బండ్లు దిగి ఒక గోడ దగ్గర గుంపు కట్టారు. నా బొమ్మ! అద్దం బిగించి, చెక్క చట్రంలో పెట్టారు. ఒక ముసలాయన వేలు చూపిస్తూ, "గిది మా సేన్ల గూడ ఉన్నది. నేను గడ్డి కంకి అనుకున్న" అంటున్నాడు. ఇంకొకాయన, "సంచి తొడగాలెనట సూడు" అంటున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను గీసింది చూసి, నాకు తెలియని మనుషులు తమ చేలను గుర్తుపడుతున్నారు.

అద్దం లోపల, బొమ్మ కింద, పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం రాయించారు. బాపు దగ్గరికి పోయి వేలు పెట్టి కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. మా ఊరి పేరు చదివాడు. తర్వాత ఆయన పేరు చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు. "గారి కుమార్తె గీసినది" దాకా వచ్చి, దాని కింద ఇంకేమైనా ఉందేమోనని వంగి చూశాడు.

"నీ పేరేదే?"

"లేదు బాపూ."

నాకు పుట్టగొడుగు బొమ్మ గీసిన ఆ పండితుడి భార్య కళ్లముందు నిలబడింది. ఆమెకు కూడా పేరు ఉండే ఉంటుంది, రాయలేదు.

ఫీల్డుమన్ అక్కడే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. "పటేల్ సాబ్, ఆడపిల్ల పేరు పదిమందిల ఎందుకని రాయలే. మీ పేరంటే రైతులు నమ్ముతరు గదా" అన్నాడు.

"నేనేం గీసిన సాబ్?" అన్నాడు బాపు. గట్టిగా అనలేదు, కానీ గుంపు మాటలు ఆగిపోయాయి. "నాకు గీత గుంజొస్తదా? తప్పు సేసిననాడు నా బిడ్డ దాని నోటితోని అదే సెప్పుకున్నది. నా పేరు సాటుకు దాసుకోలె. మంచిది సేసిననాడు నా పేరెందుకు? అద్దం తీయుండ్రి."

ఫీల్డుమన్ మేకులు తానే ఊడదీశాడు. కాటా గుమాస్తా కలం ఇచ్చాడు. ఎవరో స్టూలు తెచ్చి వేశారు. నేను ఎక్కాను. మొదటి అక్షరం కాస్త వంకర పోయింది. అది ఇప్పటికీ నాకు గుర్తే. ఊరి పేరు కింద, బాపు పేరు కింద, నా పేరు రాశాను. బాపుకు అందేలా గొలుసు రాతలో కాకుండా అచ్చు అక్షరాల్లో, పెద్దగా రాశాను.

స్టూలు దిగాను. బాపు ముందుకొచ్చి, తడి సిరా అంటకుండా వేలు కొంచెం ఎత్తి పట్టుకుని, నా పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, వరుసలో చివరి బండివాడికి కూడా వినబడేంత గట్టిగా చదివాడు. చదివి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, తలపాగా సవరించుకున్నాడు.